బటన్ నొక్కే చేయి, ప్రోగ్రామ్ రాసే చేయి



ఉపకార వేతనాల దరఖాస్తులు చూసేటప్పుడు మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "డిగ్రీకి ఇస్తున్నాం, ఇంజనీరింగ్‌కు ఇస్తున్నాం. పదో తరగతితో చదువు ఆగిన పిల్లవాడికి ఏం చేయగలం?" ఈ ప్రశ్నకున్న జవాబుల్లో ఒకటి సీఎన్‌సీ మిషన్ పని. ఆ పనిలో జీతం ఎంత, ఎదుగుదల ఎక్కడుంది, మనమిచ్చే రూపాయి ఎక్కడ ఫలిస్తుంది అన్నదే ఈ పాఠం.

పని ఏమిటి?

మెకానిక్ షెడ్డు, వెల్డింగ్, లేత్ మన కుటుంబాలకు కొత్తవి కావు. పాత లేత్ మీద పనివాడు చేత్తో హ్యాండిల్ తిప్పుతూ ఇనుప కడ్డీని కోస్తాడు. సీఎన్‌సీలో ఆ తిప్పే పని కంప్యూటర్ చేస్తుంది. టూల్ ఎటు వెళ్లాలో, ఎంత వేగంతో కోయాలో ముందుగా రాసిన ప్రోగ్రామ్ చెబుతుంది. జీ00 అంటే వేగంగా కదలమని, జీ01 అంటే కోస్తూ సరళరేఖలో సాగమని, ఎం03 అంటే స్పిండిల్ తిప్పమని, ఎం30 అంటే ప్రోగ్రామ్ ముగిసిందని అర్థం. అంకెల ఆదేశాలతో నడిచే తొలి మిషన్‌ను అమెరికాలోని ఎంఐటీలో 1952లో ప్రదర్శించారు. ఈరోజు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలోనూ అదే సూత్రం పనిచేస్తోంది.

ఈ పనికి కండబలం కన్నా కొలత మీద చూపు ముఖ్యం. అందుకే ఆడపిల్లలూ దీన్ని చక్కగా చేయగలరు.

మూడు మెట్లు

బయటివారికి అందరూ "సీఎన్‌సీ ఆపరేటర్లే". షాపు లోపల మాత్రం మూడు మెట్లున్నాయి.

మొదటి మెట్టు ఆపరేటర్. ముడి ముక్కను బిగించి, బటన్ నొక్కి, తయారైన ముక్కను తీసి కొలుస్తాడు. రెండో మెట్టు సెట్టర్. కొత్త పని వచ్చినప్పుడు టూళ్లు అమర్చి, ఆఫ్‌సెట్లు పెట్టి, మొదటి ముక్కను సరిగ్గా తీస్తాడు. మూడో మెట్టు ప్రోగ్రామర్. డ్రాయింగ్ చదివి, ఏది ముందు కోయాలో, ఏది తర్వాత కోయాలో ఆలోచించి ప్రోగ్రామ్ తయారుచేస్తాడు.

తేడా అర్థం కావడానికి ఒక చిన్న ఉదాహరణ. షాఫ్ట్ వ్యాసం 25.00 మిల్లీమీటర్లు రావాలి. మైక్రోమీటర్‌లో 25.04 చూపించింది. బటన్ మాత్రమే తెలిసినవాడు మిషన్ ఆపి సెట్టర్ కోసం ఎదురుచూస్తాడు. పని తెలిసినవాడు ఇన్సర్ట్ అరిగిందని గ్రహించి, వేర్ ఆఫ్‌సెట్‌లో 0.04 తగ్గిస్తాడు. తర్వాతి ముక్క సరిగ్గా వస్తుంది. ఇంకో సంగతి: కొన్ని కంట్రోళ్లలో 25 తర్వాత చుక్క పెట్టడం మరిచిపోతే మిషన్ దాన్ని 25 మైక్రాన్లుగా, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతుగా చదువుతుంది. ఆ ఒక్క చుక్క వల్ల టూల్ వెళ్లి చక్‌కు గుద్దుకోవచ్చు. లక్షల విలువైన మిషన్‌ను యజమాని ఎవరి చేతికి అప్పగిస్తాడో దీన్నిబట్టే తెలుస్తుంది.

జీతం సంగతి

కంపెనీని బట్టి, షిఫ్టును బట్టి తేడాలుంటాయి. హైదరాబాద్ చుట్టుపక్కల స్థూలంగా చెప్పుకుంటే, కొత్త ఆపరేటర్‌కు నెలకు 12 నుంచి 18 వేల రూపాయలు, కొన్నేళ్ల అనుభవమున్న సెట్టర్‌కు 20 నుంచి 30 వేలు, మంచి ప్రోగ్రామర్‌కు 30 వేలు, ఆపైన. ఓవర్‌టైమ్‌కు చట్టప్రకారం రెట్టింపు రేటు ఇవ్వాలి. ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్నాయా లేవా అన్నది చేరేముందే అడగాలి. ఈ రెండూ లేని 18 వేల కన్నా, రెండూ ఉన్న 15 వేలే ఆ ఇంటికి మేలు. నాన్నకు ఆపరేషన్ అవసరమైన రోజున ఆ తేడా తెలుస్తుంది.

రేపటి సంగతీ దాచకుండా చెప్పాలి. ఇప్పటికే చాలాచోట్ల ఒక్క ఆపరేటర్ రెండు మూడు మిషన్లు చూసుకుంటున్నాడు. పెద్ద కంపెనీల్లో ముక్క బిగించే పనిని రోబో చేస్తోంది. మొదటి మెట్టు మీదే ఆగినవాడి ఉద్యోగానికే ముందు ముప్పు. రక్షణ, విమాన, వాహన రంగాల విడిభాగాలు తయారయ్యేచోట సెట్టర్, ప్రోగ్రామర్ల అవసరం మాత్రం తగ్గలేదు.

నేర్చుకునే దారులు

పదో తరగతి తర్వాత ఐటీఐలో టర్నర్, మెషినిస్ట్ ట్రేడులు రెండేళ్లు. పునాది అక్కడ పడుతుంది. బాలానగర్‌లోని సీఐటీడీని కేంద్ర ప్రభుత్వం 1968లో నెలకొల్పింది. పదో తరగతి చదివినవారు ప్రవేశ పరీక్ష రాసి అక్కడ నాలుగేళ్ల టూల్, డై, మౌల్డ్ డిప్లొమాలో చేరవచ్చు. విజయవాడలోనూ దాని శాఖ ఉంది.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ తప్పనిసరిగా చేయించాలి. 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న అప్రెంటిస్‌కు మొదటి ఏడాది నెలకు కనీసం 7,000 రూపాయల స్టయిపెండ్ నిర్ణయించాయి. అయితే ఊరు వదిలి వచ్చిన పిల్లవాడికి గది అద్దె, భోజనం, బస్ పాస్ పోగా అందులో మిగిలేది ఏమీ ఉండదు. చాలామంది ఇక్కడే వదిలేసి, కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీకి చేరిపోతారు.

మనం ఏం చేయాలి?

మూడు నెలల కోర్సు ఫీజు కట్టి, సర్టిఫికెట్ చేతికిచ్చి, ఫొటో దిగితే మనం తయారుచేసింది బటన్ నొక్కే చేతినే. పదిమందికి మూడు నెలలు ఇచ్చే సొమ్మును ముగ్గురికి మూడేళ్లు ఇవ్వడం మేలు. రెండేళ్ల ఐటీఐ, ఏడాది అప్రెంటిస్‌షిప్ కాలంలో గది అద్దె, చివర్లో ప్రోగ్రామింగ్, క్యామ్ సాఫ్ట్‌వేర్ శిక్షణ, సొంతంగా ఒక వెర్నియర్ కాలిపర్, ఒక మైక్రోమీటర్ ఇవ్వాలి. జాబితాలో పేర్లు తగ్గుతాయి, నిజమే. కానీ ఆ ముగ్గురి ఇళ్లు మళ్లీ మన దగ్గరికి దరఖాస్తుతో రావు.

మీలో వర్క్‌షాపులు నడుపుతున్నవారు డబ్బు కన్నా విలువైనది ఇవ్వగలరు. ఆదివారం ఖాళీగా ఉన్న మిషన్ దగ్గర రెండు గంటలు నిలబడి, ఒక పిల్లవాడికి ఆఫ్‌సెట్ పెట్టడం నేర్పండి. ఆ రెండు గంటలు అతణ్ని రెండో మెట్టు వైపు నడిపిస్తాయి.