మందు కొట్టినా చావని కలుపు: సోయా–మొక్కజొన్న వేసే రైతు భరోసా లబ్ధిదారులకు ఒక పాఠం



రైతు భరోసా కింద ఎకరాకు సీజన్‌కు 6,000 రూపాయలు మీ ఖాతాలో పడుతున్నాయి. ఆ డబ్బు విత్తనానికి, ఎరువుకి, కూలికి పనికి రావాలి. అందులో పెద్ద భాగం కలుపు మందు డబ్బాలకే పోయి, చివరికి కలుపు అలాగే నిలబడితే నష్టం మీదే. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి వైపు వానాకాలం సోయా, యాసంగి మొక్కజొన్న వేసే రైతులు ఇది తప్పకుండా చదవండి.

"పోయినేడు చచ్చింది, ఈయేడు చావట్లేదు" – ఎందుకు?

మందు వల్ల కలుపు మొక్క మారిపోదు. లక్షల మొక్కల్లో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే ఆ మందును తట్టుకునే గుణంతో ఉంటాయి. మందు కొట్టగానే మిగతావన్నీ చచ్చి, అవే బతుకుతాయి, విత్తనం రాలుస్తాయి. మళ్లీ ఏడాది అదే మందు కొడితే వాటి పిల్లలే మిగులుతాయి. నాలుగైదు ఏళ్లలో చేనంతా అవే కావచ్చు. దీన్నే మందు తట్టుకునే శక్తి, అంటే నిరోధకత అంటారు.

హర్యానా, పంజాబ్‌లలో ఇదే జరిగింది. గోధుమలో ఏటా ఐసోప్రొట్యురాన్ అనే ఒకే మందు వాడారు. 1990ల మొదట్లో గుల్లీదండా అనే గడ్డి ఆ మందుకు లొంగడం మానేసింది. కొందరు రైతులు పంటను పచ్చిమేతగా కోసుకోవాల్సి వచ్చింది. తర్వాత కొత్త మందులు తెచ్చారు. వాటిలో కొన్నింటిని కూడా ఆ గడ్డి తట్టుకుంది. అమెరికాలో సోయా, మొక్కజొన్న, పత్తి చేలల్లో గ్లైఫోసేట్ మీదే ఆధారపడితే, తోటకూర జాతి కలుపు దాన్ని తట్టుకోవడం నేర్చింది. అలాంటి ఒక్క మొక్క లక్షల విత్తనాలు రాల్చగలదు.

ముందు మన తప్పు కాదు కదా అని చూసుకోండి

కలుపు చావని ప్రతిసారీ నిరోధకత కాదు.

- కలుపు చారలు చారలుగా మిగిలితే: నాజిల్ లోపం, లేదా నడక వేగం తేడా.
- అన్ని రకాల కలుపూ మిగిలితే: మోతాదు, నీళ్లు తక్కువ. లేదా కొట్టగానే వాన పడింది.
- పెద్ద కలుపు మాత్రమే మిగిలితే: ఆలస్యంగా కొట్టారు. 2–4 ఆకుల దశలో కొట్టాలి.
- మొలకెత్తక ముందు కొట్టిన మందు పని చేయకపోతే: నేలలో తేమ లేదు.

ఇవేవీ కాకుండా, మిగతా కలుపు అంతా చచ్చి ఒకే రకం మిగిలితే, చచ్చిన మొక్క పక్కనే అదే రకం పచ్చగా ఉంటే, ఆ మచ్చ ఏటా పెద్దదవుతుంటే, అప్పుడు అనుమానించండి. మోతాదు రెట్టింపు చేసి మళ్లీ కొట్టకండి. దానివల్ల ఖర్చు పెరుగుతుంది, పంట మాడుతుంది, తట్టుకునే మొక్కలే ఇంకా ఎక్కువగా మిగులుతాయి.

పంట మారిస్తే సరిపోదు, మందు కుటుంబం మారాలి

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. డబ్బా మీద కంపెనీ పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదవండి.

- ఒకే కుటుంబం: సోయాలో ఇమాజిథాపిర్, ఇమాజామాక్స్, క్లోరిమ్యురాన్, మొక్కజొన్నలో తుంగకు వాడే హాలోసల్ఫ్యురాన్. ఇవన్నీ మొక్కలో ఒకే ఎంజైమును ఆపుతాయి.
- గడ్డి జాతికి వేరే కుటుంబం (సోయాలో): క్విజాలోఫాప్, ప్రొపాక్విజాఫాప్.
- మొలకెత్తక ముందు (సోయా): పెండిమిథాలిన్.
- మొక్కజొన్నలో వేరే కుటుంబాలు: అట్రజిన్ ఒకటి, టెంబోట్రియోన్, టోప్రామిజోన్ ఇంకొకటి, 2,4–డి మరొకటి.

వానాకాలం సోయాలో ఇమాజిథాపిర్, యాసంగి మొక్కజొన్నలో హాలోసల్ఫ్యురాన్ కొడితే పంట మారింది కానీ కుటుంబం మారలేదు. ఇమాజిథాపిర్, ఇమాజామాక్స్ కలిపిన డబ్బాలో రెండు పేర్లు ఉన్నా పని ఒక్కటే.

ఏడాది పొడవునా ఇలా చేయండి

1. తొలకరి వానకు మొలిచిన కలుపును గుంటుక తోలి చంపి, ఆ తర్వాతే సోయా విత్తండి.
2. విత్తిన 48 గంటల్లోపు, నేల తడిగా ఉన్నప్పుడు పెండిమిథాలిన్ కొట్టండి.
3. 15–20 రోజులకు చేనులో తిరిగి చూడండి. కలుపు ఉంటేనే, ఆ రకానికి తగిన మందు ఒక్కసారి కొట్టండి.
4. 30 రోజుల లోపు ఒకసారి గుంటుక తోలండి. మందును తట్టుకున్న కలుపు గుంటుకను తట్టుకోలేదు.
5. మిగిలిన మొక్కలు పూత, గింజ పట్టక ముందే చేత్తో పీకి చేను బయట వేయండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఈ ఏడాది ఒక కూలి మిగిలిందని వదిలేస్తే, వచ్చే ఏడాది పది కూలీలు కావాలి.
6. హార్వెస్టర్ మీ చేనులోకి దిగే ముందు శుభ్రం చేయించండి. కలుపు విత్తనం ఊరూరా తిరిగేది దానితోనే.
7. బాగా మగ్గిన పశువుల ఎరువే వేయండి. పచ్చి పెంటలో కలుపు విత్తనాలు బతికే ఉంటాయి.
8. యాసంగి మొక్కజొన్నలో అట్రజిన్‌తో మొదలుపెట్టి, మిగిలిన కలుపుకు వేరే కుటుంబం మందు వాడండి.

జాగ్రత్త

- మొక్కజొన్నలో పప్పుజాతి అంతర పంట ఉంటే అట్రజిన్ వాడకండి.
- మోతాదు మించిన అట్రజిన్ నేలలో మిగిలి, తర్వాత వేసే సోయాను దెబ్బతీయవచ్చు. సోయాలో ఆలస్యంగా కొట్టిన ఇమాజిథాపిర్ తర్వాతి జొన్న, మొక్కజొన్నకు హాని చేయవచ్చు.
- గ్లైఫోసేట్ పంటను, కలుపును వేరు చేయదు. పైరు మీద కొట్టకండి.
- బిల్లు, ఖాళీ డబ్బా లేబుల్ ఫొటో దాచుకోండి. ఏ సీజన్‌లో ఏ మందు కొట్టారో ఒక నోటుబుక్‌లో రాయండి. వచ్చే ఏడాది మందు కొనేటప్పుడు ఆ పేజీ చూపించండి.

ఎవరిని అడగాలి?

చావని కలుపు మొక్కను వేరుతో సహా, వాడిన మందు పేరుతో మీ రైతు వేదికకు తీసుకెళ్లి వ్యవసాయ విస్తరణ అధికారికి చూపండి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. ఎకరాకు మోతాదు ఎంతో లేబుల్ చూసి, అధికారిని అడిగి నిర్ణయించుకోండి.

ఈ పాఠాన్ని మీ గట్టు పక్క రైతుకు కూడా పంపండి. ఆయన చేనులో రాలిన విత్తనం రేపు మీ చేనులోనే మొలుస్తుంది.