వలెన్సియాలో ఒక శనివారం, ఒక ఆదివారం

ప్రశ్న: లండన్‌లో ఉంటాం. శుక్రవారం రాత్రి వలెన్సియాలో దిగి ఆదివారం రాత్రి తిరిగొచ్చేస్తాం. ఈ సమయం చాలుతుందా? మా ఆవిడ శాకాహారి.

జవాబు: చాలుతుంది, శనివారాన్ని పాడుచేసుకోకపోతే. పొద్దున్నే సెంట్రల్ మార్కెట్‌కు వెళ్ళండి, ఆదివారం అది తెరవరు. ఎదురుగానే పాత పట్టు వర్తకుల భవనం. 1996లో యునెస్కో జాబితాకెక్కింది. భోజనానికి పాయెల్యా అనే అన్నం వంటకం. అక్కడివాళ్ళు దాన్ని మధ్యాహ్నమే తింటారు, అదీ రెండు దాటాక. అసలు పద్ధతిలో కోడి, కుందేలు మాంసం పడతాయి. కూరగాయలదే అడగండి, బియ్యం ఉడికించే రసం మాంసానిదేమో కూడా కనుక్కోండి. చాలాచోట్ల ఇద్దరికి తక్కువ వండరు, కాబట్టి ఆ పూటకు మీరూ శాకాహారే!

ఆదివారం తూరియా తోట. 1957 వరదల తర్వాత తూరియా నదినే ఊరి బయటికి మళ్ళించి, పాత నదీగర్భాన్ని తోటగా మార్చారు. అద్దె సైకిలెక్కి తూర్పుకు పోతే ఆర్కిటెక్ట్ కలత్రావా కట్టిన సైన్స్ మ్యూజియం వస్తుంది. బయటినుంచి చూస్తే చాలు, లోపలికెళ్తే పూటంతా పోతుంది. మిగిలిన సమయం మాల్వరోసా బీచ్‌కివ్వండి.

మార్చి మధ్యలో ఫాయాస్ పండుగ. ప్రశాంతత కావాలంటే అప్పుడు వెళ్ళొద్దు. మీది భారత పాస్‌పోర్టయితే బ్రిటన్ వీసాతో పని జరగదు, షెంగెన్ వీసా చేతికొచ్చాకే టిక్కెట్లు కొనండి.