మొద్దుబారిన కత్తికి పదును పెట్టు విధము

చదువవలసిన భాగములు: ప్రసంగి 10:10, 1 సమూయేలు 13:19–22



ఈ నెల పాఠము వంటయింటి కత్తిని గూర్చినది. ఇది సంఘపత్రికలో వ్రాయదగిన సంగతియా అని కొందరు తలంచవచ్చును. అయితే ప్రసంగి గ్రంథకర్త ఈ సంగతిని వ్రాయుటకు సిగ్గుపడలేదు. పనిముట్టు అంచు పోయినప్పుడు పనివాని ఒంటిమీద పడు బరువును అతడు ఎరిగినవాడు. అందుచేతనే జ్ఞానమును గూర్చి మాటలాడుచు మొద్దు ఇనుమును ఉదాహరణగా తీసికొనెను.

ఆ ఎక్కువ బలమే గాయమునకు మూలము. పదునుగల కత్తి మనము పెట్టినచోటనే దిగును. మొద్దు కత్తి ఉల్లిపాయ పొరమీద జారును. జారినందుచేత మనము గట్టిగా నొక్కుదుము. నొక్కినది ఒక్కసారి తప్పి వ్రేలిమీదికి వచ్చును. క్రిస్మసు విందుకో పెండ్లి విందుకో మన ఊళ్లలో స్త్రీలు వరుసగా కూర్చుండి కూరగాయలు తరుగునప్పుడు చూడుడి. వ్రేలికి గుడ్డపేలిక చుట్టుకొన్న చెల్లెలు ఒకతె తప్పక కనబడును. ఇంటిలో అది చిన్న గాయమే. కోతకాలములో కూలికి పోవు తల్లికి అదే గాయమైతే నాలుగైదు దినముల కూలి పోవును. కాబట్టి దీనిని చిన్న సంగతి అనుకొనరాదు.

ఇక సమూయేలు గ్రంథములోని మాట చూతము. సౌలు దినములలో ఇశ్రాయేలీయుల దేశమందు కమ్మరివాడు లేడు. నాగటి కర్రుకైనను గొడ్డలికైనను పదును కావలెనన్న ప్రతివాడు ఫిలిష్తీయుల యొద్దకు దిగిపోవలసి వచ్చెను. మన పాత తెలుగు బైబిలులో 21వ వచనము చదివినవారికి అక్కడ ఆకురాళ్ల ప్రస్తావన కనబడును. క్రొత్త అనువాదములలోనైతే ఆ చోట ఆకురాళ్లు లేవు, పదును పెట్టించుటకు ఇచ్చిన వెల ఉన్నది. ఈ భేదమునకు కారణము ‘పీము’ అను ఒక హెబ్రీ మాట. ఆ మాటకు అర్థము తెలియక పూర్వపు పండితులు ఆకురాయి అని ఊహించిరి. తరువాత 20వ శతాబ్దములో పాలస్తీనా త్రవ్వకములలో ఆ మాట చెక్కిన చిన్న తూనికరాళ్లు దొరికెను. ఒక్కొక్కటి 8 గ్రాములకు కొంచెము తక్కువ. అనగా తులములో మూడింట రెండు వంతులు. అంత వెండి ఇచ్చి వారు తమ కర్రులకు పదును పెట్టించుకొనిరని ఇప్పుడు తెలియుచున్నది. తన పనిముట్టుకు తానే పదును పెట్టలేని రైతు ఎవరికి లోబడి యుండవలెనో ఆ వచనమును బట్టి ఆలోచింపవచ్చును.

మన తెలుగు దేశమునకు ఉక్కు క్రొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కుముద్దలను పారసీక దేశపు వర్తకులు వచ్చి కొనిపోయిరి. ఆ ఉక్కుతో పేరుపొందిన ఖడ్గములు చేయబడెను. అట్టి దేశములో మన యింటి కత్తిపీట టమాటను చితకగొట్టుచు ఉండుట తగునా?

ఇప్పుడు హైదరాబాదుకు వత్తము. మీలో అనేకుల కుమారులును కుమార్తెలును చదువు నిమిత్తము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వచ్చియుందురు. 1918లో స్థాపింపబడిన ఆ విద్యాలయపు ఆర్ట్సు కళాశాల భవనము 1939లో తెరువబడినది. ఆ గ్రానైటు రాతి గోడల యెదుట నిలుచున్నవారు రాళ్లు చెక్కిన ఉలులను గూర్చి తలంచుట అరుదు. గ్రానైటుమీద ఉలి త్వరగా మొద్దుబారును గనుక రాతిపని జరుగుచోట కొలిమి కూడ ఉండవలసినదే. విద్యాలయపు ఆవరణము దాటగానే తార్నాక. తీగె కంచె వేసిన నాకా యుండుటచేత ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. అక్కడ అద్దె గదులలో ఇద్దరు ముగ్గురు విద్యార్థులు కలిసి వండుకొందురు. వారి గదిలో ఒక్క కత్తి యుండును. అది కొన్ననాటినుండి సానను చూచి యుండదు.

సైకిలుకు చక్రము కట్టుకొని వీధులలో తిరుగు సాన పట్టువాడు ఇప్పుడు ఆ ప్రాంతములలో అరుదైనాడు. అతడు వచ్చినయెడల పిలువుడి. కత్తెరలును గొడ్డండ్రును అతనికే ఇయ్యుడి. అతని పని తీసివేయుటకు ఈ పాఠము వ్రాయబడలేదు. అయితే ఒక మాట చెప్పవలెను. వేగముగా తిరుగు పొడి చక్రముమీద పలుచని కత్తిని ఎక్కువసేపు ఉంచిన అంచు కాలును. ఉక్కు సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి వచ్చినప్పుడు నీలివన్నె తిరుగును. ఊరి కమ్మరి చేసిన కత్తికి నీలివన్నె వచ్చిన చోట గట్టిదనము చాల తగ్గిపోయినదని ఎరుగుడి. తరువాత ఎంత నూరినను అక్కడ పదును నిలువదు. “మాటిమాటికి నీళ్లలో ముంచి పట్టుమయ్యా” అని సాన పట్టువానితో మర్యాదగా చెప్పుడి. పని తెలిసినవాడు కోపగించుకొనడు.

చేతితో రాతిమీద నూరుటలో అసలు కష్టము కోణము నిలుపుట. రాతిమీద కత్తిని మొదటి మారు ఒక వాలులో, రెండవ మారు మరియొక వాలులో లాగినయెడల అంచు గుండ్రమగునే గాని పదునెక్కదు. సంవత్సరముల తరబడి చేసినవాని చేయి తనంతట తానే వాలు నిలుపును. క్రొత్తవానికి ఒక ఆధారము కావలెను.

ఈ ఆధారము విశ్వవిద్యాలయములకు ఎప్పటినుండియో తెలిసినదే. జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర ప్రయోగశాలలలో మైక్రోటోము అను యంత్రము కలదు. మైనములో పొదిగిన వేరుముక్కనో కాలేయపు ముక్కనో అది 5 మైక్రానుల మందమున పొరలుగా కోయును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. అట్టి పొరను కోయు కత్తికి ఎంత పదును కావలెనో ఊహించుకొనుడి. ఇప్పుడు వాడి పారవేయు అలుగులు వచ్చినవి. అంతకు పూర్వము బరువైన ఉక్కుకత్తిని ప్రయోగశాలలోనే నూరుకొనుచుండిరి. నూరుటకు ముందు కత్తి వెన్నుకు చీలికగల ఒక లోహపు గొట్టమును తొడుగుదురు. ఆ తొడుగు వెన్నును రాతినుండి ఎల్లప్పుడు ఒకే ఎత్తున లేపి యుంచును గనుక వాలు మారుటకు వీలులేదు. ఒక కత్తి తొడుగు మరియొక కత్తికి పెట్టకూడదను నియమము కూడ ఉండెను. తొడుగు మారిన వాలు మారును. పండితుని చేయి కూడ ఆధారము లేక వణకునని ఆ తొడుగు ఒప్పుకొనుచున్నట్లు నాకు తోచును.

బజారులో దొరకు పదును సాధనములు ఇదే సూత్రముపై చేయబడినవి. వాటిలో కత్తి కదలదు, రాయి కదలును. కత్తి వెన్నును పట్టుకొను బిగింపు ఒకటి. దానికి రంధ్రములుగల నిలువు పలక. రాతికి అమర్చిన సన్నని కడ్డీ. కడ్డీని ఏ రంధ్రములో దూర్చిన ఆ రంధ్రపు కోణములోనే రాయి అంచుమీద నడచును. లాన్స్కీ అను పేరుగల సాధనములో 17, 20, 25, 30 డిగ్రీలకు నాలుగు రంధ్రములుండును. వంటకత్తికి ప్రక్కకు 17 లేక 20 చాలును. ఎముకలు కొట్టు కత్తికి 25 లేక 30 పెట్టవలెను. పలుచని అంచు ఎముకమీద విరుగును. మొదట నేర్చుకొనువారు అన్నిటికంటె చవుకైన పాత కత్తిమీద, 20 డిగ్రీలతో ఆరంభించుట మేలు.

ఆరంభించు విధమేదనగా, కత్తిని కడిగి తుడిచి, వెన్నుకు గుడ్డపేలిక వేసి, నడిమి భాగమున బిగింపవలెను. కదలుచున్నదేమో చూడుడి, కదలినచో తక్కిన ప్రయాస వ్యర్థము. తరువాత అంచు పొడవునను మార్కరు సిరా పూయుడి. గరుకు రాతితో రెండు మూడు మారులు మాత్రమే నడిపి చూచిన సిరా ఎక్కడ పోయెనో తెలియును. అంచుకు పైగానే పోయినయెడల మీ కోణము చిన్నది. కొసమాత్రమే పోయినయెడల పెద్దది. అంచువరకు సమముగా పోయిన కోణము సరిపోయినది. ఈ సిరా పరీక్ష అయిదు నిమిషముల పని. దీనిని మానినవారు గంటసేపు వేరొకచోట అరుగదీయుదురు.

ఇప్పుడు ఒక ప్రక్కనే నూరుడి. ఎన్ని మారులు అని లెక్క చెప్పుటకు వీలులేదు. రెండవ ప్రక్కన అంచుకు సన్నని గరుకు లేచువరకు నూరవలెను. బొటనవ్రేలిని వెన్నునుండి అంచు వైపుగా, కత్తికి అడ్డముగా, మెల్లగా జార్చిన ఆ గరుకు తగులును. అంచు వెంబడి నిలువుగా వ్రేలు నడుపరాదు, నడిపిన తెగును. మడమనుండి కొనవరకు ఆ గరుకు ఎడతెగక యుండవలెను. ఈ పనిలో అధికభాగము ఇదియే. ఓపిక లేనివారు నడుమ మాత్రము గరుకు రాగానే ప్రక్క మార్చుదురు, అందుచేత వారి కత్తి నడుమ తెగును, కొన తెగదు. మొదటి ప్రక్క పూర్తియైన తరువాత రెండవ ప్రక్కను అట్లే చేయుడి.

తక్కినది సులభము. గరుకు రాయి 120 నంబరుది అయినచో, తరువాత 280, తరువాత 600. రాయి మెత్తనైనకొలది చేతి బరువు తగ్గింపవలెను. కడపట రాతి బరువే చాలును. ఈసారి ప్రక్కకు ఒక్కొక్క మారుగా మార్చుచు పోయినయెడల ఆ గరుకు సన్నగిలి రాలిపోవును. పాత తోలు బెల్టును చెక్కమీద పరచి కత్తిని దానిమీద వెన్ను ముందుగా లాగుడి. అంచు ముందుగా లాగిన తోలు తెగును. పిమ్మట పండిన టమాటను నొక్కక లాగి చూడుడి. కత్తి తన బరువుతోనే దిగవలెను.

పొడవైన కత్తి విషయములో ఒక జాగ్రత్త. బిగింపునుండి దూరమైనకొలది కోణము తగ్గుచు పోవును గనుక కొన దగ్గర అంచు మరీ పలుచనగును. అట్టి కత్తిని రెండు చోట్ల బిగించి రెండు భాగములుగా నూరవలెను.

ఇంత సాధనమునకు రొక్కము ఎక్కడిది అని మా ఊరివారు అడుగుదురని ఎరుగుదును. కొననక్కరలేదు. ఇనుప సామాను అంగడిలో ఒక ప్రక్క గరుకు, ఒక ప్రక్క మెత్తన యుండు కార్బొరండం రాయి దొరకును. 1891లో అమెరికాలో ఆచిసన్ అనునతడు విద్యుత్ వేడిమితో చేసిన పదార్థమిది. మద్రాసులో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ 1954లో స్థాపింపబడినది. రాయి క్రింద తడిగుడ్డ పరచి కదలకుండ చేయుడి. కోణమునకు ఈ లెక్క చాలును: కత్తి వెడల్పులో మూడవవంతు ఎత్తున వెన్నును లేపిన అది సుమారు 20 డిగ్రీలు, నాలుగవవంతు లేపిన సుమారు 15. మూడు సెంటీమీటర్ల వెడల్పుగల కత్తికి ఒక సెంటీమీటరు ఎత్తుగల చెక్కముక్కను కొలతగా ప్రక్కన పెట్టుకొని, నాలుగు మారులకొకసారి వెన్నును దానితో సరిచూచుకొనుడి. చెక్కముక్క కూడ లేనివారు కాగితపు మూలను రెండు మారులు మడువుడి. తొంబది నలుబదియైదగును, నలుబదియైదు ఇరువదిరెండున్నర యగును. బడిపిల్లలచేత ఆ మడతలు వేయించుట మంచిది, లెక్కలలోని కోణము దేనికి పనికివచ్చునో వారికి తెలియును.

రాతిమీద నీళ్లైనను నూనెయైనను వాడవచ్చును. అయితే ఒకసారి నూనె పూసిన రాతికి ఆ తరువాత నూనెయే పూయుడి, నీళ్లు దానిమీద నిలువవు.

కత్తిపీటను బిగింపులో పెట్టలేము. దానిని చెక్కమీదనే ఉంచి, చిన్న రాతిని చేతబట్టి, అంచునకు ఉన్న పాత వాలు ననుసరించి రాతినే నడుపుడి. చేతికి మందపు గుడ్డ చుట్టుకొని, వ్రేళ్లు రాతి అంచు దాటకుండ పట్టుకొనుడి. పీటను కాలితో నొక్కిపట్టుటకు ఇంకొకరిని కూర్చుండబెట్టుకొనుట క్షేమము. రంపపు పండ్లు గల కోత కొడవలిని మాత్రము ఈ విధముగా చదునైన రాతిమీద నూరవద్దు, పండ్లు పోవును. అది కమ్మరి పనియే, అతని కూలి అతనికి ఇచ్చి చేయించుకొనుడి.

నూరిన కత్తిని గూటిలో చెంచాల నడుమ పడవేయక, అట్టముక్కను మడిచి ఒరగా చేసి పెట్టుడి. ఊరి కమ్మరి కత్తి అయినచో తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె రాయుడి. రాయనియెడల వానకాలములో రాత్రికి రాత్రే తుప్పు పట్టును. పదునైన క్రొత్తలో మొదటి రెండు దినములు ఇంటిలోని వారందరికి చెప్పియుంచవలెను. మొద్దు కత్తికి అలవాటైన చేయి వెనుకటివలెనే బలముగా నొక్కును.