డేటాబేసుకు మొదటి పుట

పంచాయతీ కార్యాలయమున క్రొత్త రిజిస్టరు తెరచునపుడు, మొదటి పుటమీద ఒక ధ్రువీకరణము వ్రాయుట వాడుక. అది ఏ లెక్కకు ఉద్దేశింపబడినదో, అందెన్ని పుటలు కలవో అచట తెలియును. లోపలి లెక్కను నమ్ముటకు ముందు ఈ పుటను చూచుట వివేకవంతుల లక్షణము.

నేడు ఇంటిపన్ను లెక్కలు, పింఛనుదారుల జాబితాలు కంప్యూటరులోని డేటాబేసులకు ఎక్కుచున్నవి. డేటాబేసు అనగా వరుసలు, గడులు గల పట్టికల సముదాయము. దానికిని మొదటి పుట వంటిది కలదు. దానిని చదువు విధమును ఇచట తెలిసికొందము.

1970లో ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు సమాచారమును పట్టికలుగా నిలుపు పద్ధతిని ప్రతిపాదించెను. దాని ననుసరించి డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు 1974లో ఒక ప్రశ్నల భాషను ప్రకటించిరి. అదియే క్రమముగా ఎస్.క్యూ.ఎల్. అయినది. డేటాబేసు తన్ను గూర్చిన వివరములను సైతము పట్టికలలోనే ఉంచవలెననియు, వానిని అదే భాషలో అడిగి తెలిసికొనుటకు వీలుండవలెననియు కాడ్ 1985లో నియమము చేసెను. మొదటి పుట చదువుటకు వేరు తాళపుచెవి అక్కరలేదన్నమాట.

విరివిగా వాడుకలోనున్న మై ఎస్.క్యూ.ఎల్. డేటాబేసును ఉదాహరణముగా తీసికొందము. 'షో క్రియేట్ డేటాబేస్' అను మాటలను ఆంగ్ల లిపిలో వ్రాసి, డేటాబేసు పేరు చేర్చి, చివర సెమికోలను ఉంచవలెను. వెంటనే ఒక వరుస సమాధానముగా వచ్చును. అందు డేటాబేసు పేరును, అది ఏ లిపి సంకేతములతో ఏర్పడినదియు కనబడును. ఈ ఆజ్ఞ చూపునదే గాని దేనిని మార్చునది కాదు. కనుక భయపడ నక్కరలేదు.

ఆ లిపి సంకేతపు పేరే మనకు ముఖ్యము. అది 'లాటిన్1' అని యున్నచో జాగ్రత్త పడవలెను. అందు 256 స్థానములు మాత్రమే కలవు. అవి ఐరోపా భాషలకు ఏర్పరచినవి. తెలుగు అక్షరములకు అందు చోటు లేదు. కట్టుదిట్టములు లేని అమరికలో తెలుగు పేరు వ్రాసినచో, ఒక్కొక్క సంకేతమునకు బదులు ఒక్కొక్క ప్రశ్నార్థకము నిలిచిపోవును. రామయ్య పేరునకు ఆరు ప్రశ్నార్థకములు; సోమయ్య పేరునకును ఆరే. ఇక పింఛను ఎవరిదని చెప్పగలము? ఆ పేర్లను మరల రాబట్టుట అసాధ్యము.

'యు.టి.ఎఫ్.8 ఎం.బి.4' అని యున్నచో తెలుగునకు చోటు కలదు. 2018లో వెలువడిన 8.0 రూపము నుండి మై ఎస్.క్యూ.ఎల్. దీనినే సహజముగా గ్రహించుచున్నది; అంతకు ముందు లాటిన్1 ఉండెడిది. కావున పాత డేటాబేసులను తప్పక పరిశీలింపవలెను.

'ఆల్టర్ డేటాబేస్' అను ఆజ్ఞతో ఈ లక్షణమును మార్చవచ్చును. కాని ఆ మార్పు ఇకమీద ఏర్పరచు పట్టికలకే వర్తించును. పాత పట్టికలను విడివిడిగా మార్చవలెను. చెడిన పేర్లను కాగితపు రిజిస్టరు చూచి మరల ఎక్కింపవలసినదే. అందుచే పట్టికలు సరిచూచుకొనువరకు పాత రిజిస్టరును పోగొట్టరాదు.

ఆజ్ఞలు వ్రాయుట సభ్యుల పని కాదు. అడుగుట మాత్రము వారి బాధ్యత. జాబితా కంప్యూటరుకు ఎక్కినదని చెప్పినపుడు, సమావేశములో మూడు ప్రశ్నలు వేయుడు. డేటాబేసు లిపి సంకేతమేది? పట్టికలకును అదే యున్నదా? ఎక్కించిన పేర్లను పాత రిజిస్టరుతో పోల్చి చూచితిరా? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానము వచ్చిన పిమ్మటనే జాబితాను ఆమోదించుట గ్రామమునకు క్షేమము.