గోడ లేచింది, పొలం పోయింది



మన తరిగొప్పుల మెట్టప్రాంతం. మనం వానకోసం ఎదురుచూసినవాళ్లమే గాని వానకు భయపడినవాళ్లం కాము. అందుకే వరద బాధ మనకు వెంటనే అర్థం కాదు. అయినా మనకు మరీ దూరం కాని ఊళ్లలో జరిగింది గుర్తు చేసుకోండి. 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచెత్తింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, నలుగురు కొట్టుకుపోయారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలోని సీతారాం తండాను ఆకేరువాగు ముంచింది. రెండు రోజులకు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిగారు అక్కడికి వచ్చి, ముంపు తండాలవారికి ఒకేచోట ఇళ్లు కట్టిస్తామని ప్రకటించారు.

ఇల్లు అవసరమే. కాని ఇల్లు దొరికితే బ్రతుకు దొరికినట్లేనా? నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం తీసి చదవండి.

ప్రవాసం నుండి తిరిగివచ్చిన యూదులు యెరూషలేము గోడ కట్టుకుంటున్నారు. పని జోరుగా సాగుతుండగానే పేదల మొర వినిపించింది. తిండిగింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామనీ, పన్ను కట్టడానికి అప్పుచేశామనీ, బిడ్డలను బానిసలుగా పంపవలసి వస్తోందనీ వారు ఏడ్చారు. ఒకవైపు గోడ లేస్తోంది, మరోవైపు పొలం పోతోంది! నెహెమ్యా మండిపడి, పెద్దలను పిలిపించి, పొలాలను, వడ్డీని తిరిగి ఇచ్చేస్తామని వారిచేత ప్రమాణం చేయించాడు. లోపలి మనుషులు నిలవకపోతే గోడ ఎవరికోసం?

ఇప్పుడు వరద తరువాత ఒక రైతు ఇంటి లెక్క చూడండి. పొలంలో ఇసుక మేట వేసింది. దాన్ని తీయించనిదే నాటు పడదు. ట్రాక్టరుకు డబ్బు కావాలి. మోటారు, పైపులు కొట్టుకుపోయాయి. పాడి బర్రె పోయింది, దానితో చేతిఖర్చూ పోయింది. పట్టాదారుకు పరిహారం వచ్చినా కౌలుదారుని చేతికి అది చాలాసార్లు చేరదు. మిత్తికి తెచ్చిన పెట్టుబడి మాత్రం అతని నెత్తిమీదే ఉంటుంది.

ఊరు మారితే మరో చిక్కు. కొత్త ఇల్లు మిట్టమీద, పొలం పాత వాగు ఒడ్డున. కొట్టానికి, గడ్డివాముకు జాగా లేకపోతే ముందు గొడ్లను అమ్ముతారు, తరువాత కౌలు వదులుతారు, చివరకు ఆ కొత్త ఇంటికే తాళం వేసి పట్నానికి కూలికి పోతారు.

1977 నవంబరు 19 ఉప్పెన తరువాత దివిసీమలోనూ ఇళ్లు కట్టడంతోనే పని తీరలేదు. పొలాలు ఉప్పెక్కాయి, పడవలు, వలలు, పశువులు పోయాయి. ఉప్పు భూమిని మంచినీటితో కడగాలి, పచ్చిరొట్ట వేసి దున్నాలి. అది ఒక్క పంటకాలంలో ముగిసే పని కాదు.

కీర్తిశేషులు పోపు ఫ్రాన్సిస్‌గారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ 128వ పేరాలో ఇదే బోధించారు. పేదలకు ధనసహాయం అత్యవసరంలో చేసే తాత్కాలిక పరిష్కారమే. పనిచేసుకుని గౌరవంగా బ్రతికేలా చేయడమే అసలు ధ్యేయం.

కనుక మొదటివారం బియ్యం, దుప్పట్లు తప్పక పంపండి. కాని మూడవ నెలలో మళ్లీ వెళ్లండి. అప్పటికి ఫొటోలు తీసేవారు ఉండరు, అప్పులవాళ్లు మాత్రం ఉంటారు. విచారణ యువకులు ఇసుక ఎత్తవచ్చు, తడిసిపోయిన పాసుపుస్తకాల కోసం దరఖాస్తులు రాసిపెట్టవచ్చు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక ఇంటికి పాడి బర్రెను కొనివ్వవచ్చు. మిత్తికి ఇచ్చినవారు మనలో ఉంటే, నెహెమ్యా మాట ముందు వారికే.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించండి:

1. మనం ఇచ్చే సాయం ఎన్ని రోజులు నిలుస్తుంది?
2. మన ఊరి కౌలుదారుల్లో అప్పుతో నలుగుతున్నవారు ఎవరు?
3. ఒక ఇంటి పని మళ్లీ మొదలవడానికి మనం ఏం ఇవ్వగలం?