వెల్డింగ్ షాపు, వృద్ధాప్యం

ప్రశ్న: జహీరాబాద్‌లో సొంత వెల్డింగ్ షాపు ఉంది. వయసు 39. పీఎఫ్ లేదు. ముసలితనానికి ఎందులో దాచుకోవాలి?

జవాబు: ముందు అటల్ పెన్షన్ సంగతి తేల్చుకోండి. 40 దాటితే చేర్చుకోరు. ఇప్పుడు చేరి నెలకు 1,318 రూపాయలు కడితే 60 నుంచి నెలనెలా 5,000 వస్తుంది, మీ తర్వాత మీ ఆవిడకూ అంతే. ఆదాయపు పన్ను కట్టేవారికి మాత్రం 2022 అక్టోబరు నుంచి ఇందులో చోటు లేదు.

అయినా అప్పటికి ఐదు వేలు ఏ మూలకు? అసలు పొదుపు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్‌లో పెట్టండి. ఏడాదికి 500 నుంచి లక్షన్నర దాకా, గిరాకీని బట్టి వేసుకోవచ్చు. షాపు అప్పులు కోర్టుకెక్కినా అప్పులవాళ్ల కోసం ఆ ఖాతాను జప్తు చేయలేరు. సొంత షాపువాళ్లకు నేను దీన్ని గట్టిగా చెప్పేది అందుకే. 15 ఏళ్లకు గడువు తీరాక మరో ఐదేళ్లు పొడిగించండి, 60 దాకా సరిపోతుంది.