కాంకార్డ్ విమానం, గల్ఫ్ దారి

1976 జనవరి 21న లండన్‌లో బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ కాంకార్డ్ విమానం సుమారు నాలుగు గంటల్లో బహ్రెయిన్‌లో దిగింది. అదే రోజు ఎయిర్ ఫ్రాన్స్ వారి కాంకార్డ్ పారిస్ నుంచి డకార్ మీదుగా రియో డి జనీరోకు బయలుదేరింది. ధ్వని కంటే వేగంగా ప్రయాణికులను చేరవేసే కాంకార్డ్ సర్వీసులు ఆ రోజే మొదలయ్యాయి. వాటిలో ఒకటి మన కడప, రాయచోటి, రాజంపేట ఇళ్ళకు బాగా తెలిసిన గల్ఫ్‌కే వచ్చింది. అసలు వారి కన్ను న్యూయార్క్ మీద ఉండేది. చప్పుడు ఎక్కువని అక్కడివారు 1977 నవంబరు దాకా రానివ్వలేదు.

ఆ చప్పుడు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ధ్వని నేలమట్టంలో గంటకు సుమారు 1,225 కిలోమీటర్లు పోతుంది. పైన చల్లటి గాలిలో ఆ వేగం ఇంకా తగ్గుతుంది. కాంకార్డ్ పదిహేను కిలోమీటర్లకు పైబడిన ఎత్తులో గంటకు దాదాపు 2,180 కిలోమీటర్లు పోయేది. చెరువులో పడవ తన అలలకంటే వేగంగా పోతే, అలలు ముందుకు పోలేక రెండు పక్కలా గట్టులాగా పేరుకుంటాయి. గాలిలోనూ అంతే. పేరుకున్న ఆ అల నేలను తాకినప్పుడు బండ పేల్చినట్టు దడేల్‌మంటుంది. ధ్వని వేగాన్ని దాటే క్షణంలో ఒక్కసారే మోగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ వేగంతో పోయినంత దూరమూ, తివాచీ పరిచినట్టు, కింద ఊరు తర్వాత ఊరికి వినిపిస్తుంది.

1977 డిసెంబరులో బహ్రెయిన్ సర్వీసును సింగపూర్ దాకా పొడిగించారు. మలేషియా చప్పుడు గురించి అభ్యంతరం చెప్పడంతో కొద్ది ప్రయాణాలకే ఆపి, 1979లో మళ్ళీ మొదలుపెట్టారు. మన దేశం కూడా తన గగనతలంలో ధ్వనిని మించిన వేగానికి ఒప్పుకోలేదు. 1980లో ఆ దారి పూర్తిగా మూతపడింది. పైన కూర్చునేది వందమంది. ఉలిక్కిపడేది కింద ఉన్న లక్షలమంది, వాళ్ళలో ఆ టికెట్టు కొనగలిగినవాళ్ళు ఎందరు? మన ప్రభుత్వం కాదనడం సబబేనని నా అభిప్రాయం.

అయినా కాంకార్డ్‌ను చప్పుడుకంటే ఎక్కువగా దెబ్బతీసింది ఇంధనం. 1973 అక్టోబరు తర్వాత కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైంది. అప్పటిదాకా పదహారు కంపెనీలు డెబ్బైకి పైగా కాంకార్డ్‌లు కావాలని పేర్లు రాయించుకున్నాయి. మన ఎయిర్ ఇండియా కూడా రెండింటికి రాయించుకుని తర్వాత వదులుకుంది. చివరికి మిగిలినవి బ్రిటన్, ఫ్రాన్స్ కంపెనీలు రెండే, విమానాలు పద్నాలుగే. రష్యావారి టీయూ-144 అయితే కాంకార్డ్‌కంటే ముందే, 1968 డిసెంబరు 31న ఎగిరినా, ప్రయాణికులను మోసింది ఏడెనిమిది నెలలే.

ఇక్కడే మన కథ కలుస్తుంది. కాంకార్డ్‌కు మోయలేని భారమైన ఆ చమురు ధరే గల్ఫ్ దేశాల చేతికి డబ్బిచ్చింది. రోడ్లు, భవనాలు, రేవులు లేచాయి, పనివాళ్ళు కావలసి వచ్చారు. కరువు సీమ నుంచి మనవాళ్ళు బొంబాయి చేరి విమానం ఎక్కారు. వాళ్ళు ఎక్కింది ధ్వనికంటే నెమ్మదిగా పోయే మామూలు విమానాలే. కాంకార్డ్‌కంటే మూడు వారాల ముందు, 1969 ఫిబ్రవరి 9న మొదటిసారి ఎగిరిన బోయింగ్ 747 ఒక్కో విడత మూడు నాలుగు వందల మందిని మోసేది. టికెట్టు ధర తగ్గడానికి దారి చూపింది ఆ జంబోయే.

2000 జూలై 25న పారిస్ దగ్గర కాంకార్డ్ కూలి, నేలమీద ఉన్న నలుగురితో కలిపి 113 మంది చనిపోయారు. 2003 అక్టోబరు 24న ప్రయాణికులతో చివరిసారి ఎగిరింది. ఇప్పుడు నాసావారు చప్పుడును చిన్న దబ్బుమనే శబ్దానికి తగ్గించాలని పొడవాటి ముక్కుతో ఎక్స్-59 అనే విమానాన్ని కట్టి పరీక్షిస్తున్నారు. అందులో ప్రయాణికులకు చోటు లేదు, పైలట్‌కు ఒక్క సీటే.